చేతులు వదిలిన మోకు

ఏరు దాటించే పుట్టి ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. అది ఇవతలికి రావాలి, ఎక్కేవాళ్లుంటే ఎక్కాలి, మళ్లీ అవతలికి పోవాలి, దిగాక ఇసుక, ఇసుక దాటాక తుమ్మచెట్ల డొంక, డొంక తెగినచోట ఊరు, ఊరి మొదట్లోనే మణెమ్మ ఇల్లు. చాలా దూరమే ఉంది, ఈలోగా ఏదో ఒక మాట దొరక్కపోదు అనుకున్నాడు సాయన్న. రైలెక్కినప్పుడూ ఇదే అనుకున్నాడు. పంజాబు దాటాలి, ఢిల్లీ దాటాలి, సికింద్రాబాదులో బండి మారాలి, అంత దేశం దాటేలోగా మాట దొరక్కపోతుందా అని. దేశమంతా అయిపోయింది. గద్వాల దాకా టికెట్టు ఉండి కూడా, అక్కడ దిగితే ఎవరో ఒకరు భుజం మీద చెయ్యి వేసి యోహాను ఏడీ అంటారని, ఏటికి ఇవతలే, వనపర్తి రోడ్డు స్టేషనులోనే దిగిపోయాడు. అక్కణ్నుంచి ఎవరిదో చొప్పబండి కొంతదూరం ఎక్కించుకుంది, తక్కింది నడిచాడు. నడవడమంటే ఇప్పుడు వేరే పని. ఎడమ కాలికి వేళ్లు లేవు, కుడి కాలికి బొటనవేలు ఒక్కటే మిగిలింది, అడుగు వేసినప్పుడల్లా నేల ముందుకు జారిపోతున్నట్టు ఉంటుంది, మడమ మీద నిలబడి మళ్లీ నేలను పట్టుకోవాలి. తన ఇల్లు మణెమ్మ ఇంటి తర్వాతిదే. ఆ గడప ముందు నుంచి తప్ప వేరే తోవ లేదు. ఉంటే పోయేవాడేమో. నీ మొగుడు పోయిండు మణెమ్మా అనడానికి పెద్ద మాటలేం కావాలి, అది ఒక్క ఊపిరిలో అయిపోతుంది, కానీ ఆమె ఎట్ల పోయిండు అంటుంది. అంటుంది కదా. ఆ ఎట్ల దగ్గరే రైలు దేశమంతా తిరిగి తిరిగి ఆగిపోయింది.

చిల్లులు పడిన పాత పుట్టి ఒకటి బోర్లించి ఉంటే దాని నీడలో కూర్చున్నాడు. ఎండాకాలపు కృష్ణ బండల మధ్య సన్నబడి, లోతున్నచోట మాత్రం ఆకుపచ్చగా, కదులుతోందో లేదో తెలియకుండా ఉంది. బండ కాలుతోంది. ఇంత ఎండలో ముఖం చుట్టూ రుమాలు చుట్టుకున్న మనిషిని చూస్తే ఎవరికైనా వింతే, కానీ ముక్కు కొస నల్లబడి చెంపల తోలు ఊడిపోయిన ముఖాన్ని చూడడం కంటే రుమాలును చూడడం నయం. ఒళ్లంతా చెమట పోస్తోంది, లేని వేళ్లకు మాత్రం చలి. ఆ వేళ్లు ఎక్కడున్నాయో అక్కడే వాటికి చలేస్తోందేమో. కొండ కింది దవాఖానలో ఒక రేకు గిన్నెలో పడేసి ఎటో పట్టుకుపోయారు, ఆ తర్వాత ఏం చేశారో అడగాలనిపించలేదు. అంతకంటే పెద్దదాన్ని కొండ మీద వదిలి వచ్చినవాడు వేళ్ల సంగతి ఏం అడుగుతాడు. యోహానును మట్టిలో పెట్టలేకపోయారు. అదొకటి. పుట్టినప్పటి నుంచి మట్టి తవ్వినవాళ్లు, బావులు తవ్వినవాళ్లు, చెరువుకట్టలు పోసినవాళ్లు, అంతమంది కలిసి ఒక్క మనిషి పట్టేంత గొయ్యి తవ్వలేకపోయారు. గడ్డపార వేస్తే నేల ఇనుములాగా మోగింది. చివరికి రాళ్లు పేర్చారు. దేవదారు కొమ్మ ఒకటి అడ్డంగా ఇంకో కొమ్మకు కట్టి శిలువ చేస్తే, గాలికి అది నిలవక పడిపోతుంటే, దాని మొదట్లో ఇంకా రాళ్లు పేర్చారు.

వాళ్లిద్దరూ ఒకే వాడ వాళ్లు. యోహాను వాళ్లింట్లో తండ్రి కాలంలోనే బాప్తిస్మం తీసుకున్నారు, సాయన్న వాళ్లింట్లో తీసుకోలేదు, అన్నదమ్ముల వరుస మాత్రం అట్లాగే ఉంది. ఇదే కృష్ణ మీద రైలు వంతెన కట్టే రోజుల్లో ఇద్దరూ మొదటిసారి ఒక మోకు పట్టారు, మణికట్టు అంత లావు తాడు, దానికి అటు చివర రాయి, ఇటు చివర వీళ్లు. ఆ తర్వాత ఎన్ని మోకులు అరిగిపోయాయో. రాయచూరు దిక్కున బంగారు గనికి యంత్రాలు లాగే పని దొరికింది, అక్కడే మేస్త్రి నాగప్ప తగిలాడు, కన్నడం మాట్లాడేవాడు, మంచివాడే, వీళ్లతోపాటు తిండి తినేవాడు, వానలో తనూ తడిసేవాడు. యుద్ధం వచ్చింది. ఎక్కడో ఉత్తరాన కొండల మీద ఒక గని ఉందట, యుద్ధానికి కావలసిన రాయి ఏదో అందులో ఉందట, అక్కడికి యంత్రాలు ఎక్కించడానికి బండి తోవ లేదట, బరువు లాగడం తెలిసిన పాలమూరు మనుషులు కావాలట. నాగప్ప చెప్తే విన్నారు. చలి ఉంటుందన్నాడు. చలి అంటే ఏముంది, తెల్లవారుజామున జొన్నచేను కావలి పోతే చలి కాదా, గొంగడి కప్పుకుంటే పోదా. అట్లాగే అనుకున్నారు అందరూ. పోయిన మర్నాడే నేలంతా తెల్లగా ఉంటే ఎవరూ ముందుకు కదల్లేదు. యోహాను ఒక్కడే వంగి గుప్పెడు తీసుకొని నోట్లో వేసుకున్నాడు. "ఏం రుచి లేదే సాయన్నా, ఉప్పనుకున్న" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్విన నోళ్లలోంచి పొగలు వచ్చాయి. ఆ పొగలు చూసి మళ్లీ నవ్వారు.

ఇప్పుడా నవ్వు తలుచుకుంటే అలుపు వస్తోంది. నవ్వడానికి కూడా అంత బలం ఎక్కడిది అప్పుడు. గనికి చేర్చాల్సిన బాయిలర్‌ను చూశాక ఆ నవ్వు తగ్గిపోయింది. నల్లగా, చూడితో ఉన్న గేదె పడుకున్నట్టు, మనిషి మీద మనిషి నిలబడినా పైభాగం అందనంత ఇనుము. చక్రాల మీద పెడితే మంచులో దిగబడిపోయింది, కంచరగాడిదలను కడితే రెండు దినాలకే కాళ్లు మడిచి పడుకున్నాయి, చివరికి దుంగలు చెక్కి, చక్రాలు లేని బండి ఒకటి చేసి దాని మీద ఎక్కించారు. ఎక్కేటప్పుడు ముందు మోకులు, దిగేటప్పుడు వెనక మోకు. యోహాను దానికి ముసలమ్మ అని పేరు పెట్టాడు. లాగడం అందరిదీ, కూత అతనిది. లేవే ముసలమ్మా అని గొంతు సాగదీసి, అందరి ఊపిరీ ఒకటయ్యేదాకా ఆగి, హొయ్ అంటే ఒక్క గుంజు. మళ్లీ ఆగడం. ఆ ఆగడంలోనే ఉంది పనితనమంతా, ఎంతసేపు ఆగాలో అతనికే తెలుసు, తక్కినవాళ్లు ఆలోచించకూడదు, చేతులను అతని గొంతుకు అప్పగించేయాలి. కూత ఒక్క గొంతులోంచే రావాలె, రెండో గొంతు లేస్తే మోకు మనల్నే తింటది అనేవాడు. నాగప్పకూ అదే చెప్పాడు, రాయచూరులోనే. ఎందుకంటే నాగప్ప మాటతో ఒక చిక్కుంది. వాళ్ల కన్నడంలో హిడి అంటే పట్టుకో. మన మాటలో ఇడు అంటే వదిలెయ్. ఒకసారి రాయచూరులో అతను హిడి హిడి అంటే ఇటు సగం మంది వదిలేసి వెనక్కి పడ్డారు, రాయి చిన్నది కాబట్టి అదొక నవ్వులాట అయింది. అప్పటినుంచి నాగప్ప మోకు దగ్గర నోరు విప్పలేదు. ఆ కొండ మీద ఆ ఒక్కనాడు తప్ప. విప్పాడా? అదే తెలియదు.

గాజుల చప్పుడు వినిపించి తలెత్తాడు. బండల మీదుగా, నెత్తిన గంపతో, తొందరలేని నడకతో ఎవరో వస్తున్నారు. నడకను చూసి గుండె ముందుగా గుర్తుపట్టింది, కళ్లు తర్వాత. మణెమ్మ. ఆమె ఏటికి ఇవతల ఉండడమేమిటి. వనపర్తి సంతకు వచ్చిందా, మిషన్ దవాఖానలో అత్త కళ్లకు మందు తీసుకోవడానికా. అంత దూరం ఉందనుకున్నాడే, ఇసుక, డొంక, ఊరు, అవన్నీ ఒక్కసారిగా చుట్టచుట్టుకొని ఆమె కాళ్ల దగ్గరికి వచ్చేశాయి. రుమాలును ముక్కు మీదికి ఇంకా లాక్కొని మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. ఆమె అదే నీడకు అటు కొసన గంప దించుకొని కూర్చుంది. ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. ఇప్పుడే చెప్పాలి. ఇదే అదను, ఎవరూ లేరు. పైన కొండ మీద నీళ్ల తిత్తి గడ్డకట్టి, వంచితే చుక్క రాలేదు, ఊపితే లోపల ఒక ముద్ద కదిలి చప్పుడు చేసేది, తన గొంతు ఇప్పుడు అట్లా ఉంది. ఆమె ఒకసారి ఇటు చూసినట్టుంది. చూసి, ఏటి వైపు తిరిగింది. గుర్తుపట్టలేదు. గుర్తుపట్టలేదు కాబట్టి ఇంకా కొంచెంసేపు గడువు ఉంది.

పుట్టి వచ్చింది. పుట్టి నడిపే కురుమయ్య ముసలివాడు, ఈ రేవులో అతని తండ్రి కూడా ఇదే పని. తోలు పుట్టిని బండకు ఆనించి పట్టుకొని, ముందు మణెమ్మ గంపను అందుకున్నాడు.

"దవాఖానకు వోయినవా బిడ్డా?"

"మా అత్త కండ్ల మందుకు వోయిన మామా. దొరసాని లేదు, మల్ల రమ్మన్నరు."

"గీ అన్న ఎవరు? ఏ ఊరు అన్నా నీది?"

సాయన్న చేత్తో అవతలి ఒడ్డు వైపు చూపాడు. నోరు తెరిస్తే గొంతు పట్టిస్తుంది. కురుమయ్య అతని కాళ్లకు చుట్టిన గుడ్డలు చూసి ఇంకేమీ అడగకుండా, చంకల కింద చెయ్యి వేసి ఎత్తి లోపల కూర్చోబెట్టాడు. పుట్టి గుండ్రంగా తిరిగి ఒడ్డును వదిలింది. పుట్టిలో ఎవరికీ ఎదురుగా కాకుండా కూర్చోవడం కుదరదు, అది గిన్నె కదా, అందరి మోకాళ్లూ నడిమికి వస్తాయి. మణెమ్మ పాదాలు తన గుడ్డల కాళ్లకు జానెడు దూరంలో ఉన్నాయి. పగిలిన మడమలు, వెండి మెట్టెలు అరిగి సన్నబడ్డాయి. ఆ మెట్టెలు యోహాను పెట్టినప్పుడు ఇతనూ ఉన్నాడు, చర్చీలో అవి పెట్టొద్దని పాస్టరంటే, దేవుడు కాలివేళ్ల దాకా చూడడు లే అయ్యగారూ అని యోహాను అంటే, అందరూ తల వంచుకొని నవ్వారు.

"నీ మొగడు ఇంక రాలేదా బిడ్డా?" కురుమయ్య తెడ్డు వేస్తూ అడిగాడు.

"వొస్తుండు మామా" అంది మణెమ్మ. "వాన పడేలోపల వొస్తనన్నడు. కొండ మీద పని జర ఎక్కువుంటది గద."

వస్తుండు అంది. సాయన్న నీళ్లలోకి చూశాడు. ఆకుపచ్చ నీళ్ల కింద బండ కనిపించింది, ఆ తర్వాత బండ కూడా కనిపించలేదు. ఆమె మాట్లాడుతూనే ఉంది. ఇంత మాటకారి కాదే, వాడలో మణెమ్మ గొంతు బయటికి వినిపించేది కాదే. యోహానుకు ఎంత గొంతో ఈమెకు అంత మౌనం అనుకునేవాళ్లు. ఇప్పుడు ఏరు దాటుతూ, ఎవరో తెలియని మనిషి ముందర, ముసలాయన అడగకపోయినా చెప్పుకుంటూ పోతోంది. "ఆయన గీ ఒడ్డు మీదికొచ్చి నీకు కూతేస్తుండె గద మామా, గా కూత మా ఇంటికి ఇనవడ్తుండె. ఇనంగనే నేను పొయ్యి మీద ఎసరు వెడ్తుంటి. ఎసరు మరిగేయాల్లకు గడపల ఉంటుండె" అంది. కురుమయ్య నవ్వి, "నా చెవుల్ల ఇంక ఉన్నది బిడ్డా గా కూత" అన్నాడు. "చర్చీల పాట వాడితె దొరసాని జర మెల్లగ యోహానూ అంటుండె. మెల్లగ వాడుడు రాదు ఆయనకు. మా చిన్నోడు పుట్టినప్పుడు మెల్లగ జోల వాడ్త అని మొదలువెట్టి పండుకున్నోన్ని లేపిండు" అంది, అని తనే కొంచెం నవ్వింది.

నిజమే, మెల్లగా రాదు అతనికి. ఆ కొండ కనుమ మీద మాత్రం ఆ గొంతు కూడా సగమే వినిపించేది. గాలి. అక్కడి గాలికి ఒక గోడ ఉన్నట్టు, మాట దానికి తగిలి కింద పడిపోతుంది. చెవులకు గొంగడి ముక్కలు కట్టుకున్నారు, కట్టుకోకపోతే చెవులు రాలిపోతాయన్నారు. ఎక్కడం అయిపోయింది, కనుమ దాటేశారు, ఇక దిగడమే, దిగితే గని కనిపిస్తుందట. ఎక్కడం కంటే దిగడమే కష్టమని అందరికీ తెలుసు, కానీ ఎక్కి ఎక్కి ఎంత అలిసిపోయారంటే దిగడమన్న మాటే విశ్రాంతిలాగా వినిపించింది. బాయిలర్ వెనకాల, వాలుకు పైవైపు, వరసగా నిలబడి మోకును పట్టుకొని కొంచెం కొంచెంగా వదలాలి. సాయన్న మోకులో అందరికంటే ముందు, అంటే బాయిలర్‌కు దగ్గర. యోహాను కింద, బాయిలర్‌కు ముందు, జారకుండా అడ్డదుంగ పెట్టడం, తియ్యడం. ఆ పని ఎప్పుడూ వేరేవాడిది. వాడికి ఆ పొద్దున దగ్గుతో నెత్తురు పడితే, నువ్వు ఉండు తమ్మీ అని యోహాను తనే దిగాడు. కూతవేసేవాడు మోకు పక్కన ఉండాలి, కనిపించాలి. ఆ దినం బాయిలర్ అడ్డమై అతను కనిపించలేదు. గొంతు మాత్రమే వచ్చేది. నాగప్ప అందరికంటే పైన, బండరాయి మీద నిలబడి తోవ చూస్తున్నాడు.

దుంగ విరిగిన చప్పుడు ముందు వినిపించిందా, మోకు గుంజింది ముందా. మోకే ముందు. అరచేతుల్లోంచి నిప్పు దూసుకుపోయింది, అంత చలిలో నిప్పు. కాళ్ల కింద మంచు కదిలింది, పట్టు దొరకలేదు, వరసంతా ఒక్క అడుగు కిందికి జారింది, మళ్లీ ఒక్క అడుగు. వెనకాల ఎవరో అమ్మా అన్నారు. ఎడమవైపు వాలు లోయలోకి తిరుగుతుంది, బాయిలర్ ముక్కు అటు మళ్లుతోంది. అప్పుడు వచ్చింది ఆ మాట. ఇడు. లేదా హిడి. గాలి గోడకు తగిలి, గొంగడి ముక్కల్లోంచి దూరి, తల లేకుండా తోక లేకుండా చెవిలో పడింది. సాయన్న ఆలోచించలేదు. ఆలోచించకూడదనే కదా ఇన్నేళ్లూ నేర్చుకున్నది. చేతులు తెరుచుకున్నాయి. అతనివే కాదు, వరసలో అందరివీ, ఒక్కసారిగా, ఎప్పుడూ హొయ్ అంటే కలిసి గుంజినట్టే కలిసి వదిలాయి. మోకు మంచు మీద పాములాగా పోయింది. బాయిలర్ పోయింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు, మంచు మీద పెద్ద బరువు పోతే చప్పుడు ఉండదని అప్పుడే తెలిసింది. కింద మంచుకుప్పలో ఆగింది అది, ఒక్క సొట్ట కూడా పడలేదు. యోహాను దానికీ కుప్పకూ మధ్య. తీయడానికి పొద్దుగూకేదాకా పట్టింది, సాయన్న బూట్లు ఊడిపోయినా చూసుకోలేదు, వేళ్లు అక్కడే చలికి చచ్చిపోయాయి.

యోహాను అన్నాడా ఇడు అని? కింద ఉన్నవాడు, బాయిలర్ తన మీదికి వస్తుంటే, మోకు పట్టుకున్నవాళ్లంతా దానితో లోయలోకి పోతారని వదిలేయమన్నాడా? అనగలడు. అట్లాంటివాడే. లేక పైనుంచి నాగప్ప, ఇన్నేళ్లు మూసుకున్న నోరు భయానికి తెరిచి, తన భాషలో పట్టుకోమన్నాడా? అట్లయితే పట్టుకొమ్మంటే వదిలేశారు. ఎవరూ పైకి అనలేదు. నాగప్పను ఎవరూ అడగలేదు. రాళ్లు పేర్చడం అయిపోయాక అతనే వచ్చి సాయన్న పక్కన కూర్చున్నాడు, చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "నేను ఏమన్నా అంటినా సాయన్నా?" అన్నాడు. "నాకేం తెలుసు మేస్త్రీ" అన్నాడు ఇతను. "గొత్తిల్ల" అన్నాడు నాగప్ప, తెలియదని, తల అడ్డంగా ఊపుతూ, "గొత్తిల్ల, గొత్తిల్ల" అని అదే మాట. అతని కళ్లు చూస్తే అబద్ధమని అనిపించలేదు. ఆ తర్వాత మిగిలినవాళ్లు మళ్లీ మోకు కట్టారు, ముసలమ్మను పైకి లాగారు. ఇతన్ని మంచం మీద కిందికి దించుతుంటే దూరంగా ఎవరిదో కొత్త గొంతు కూత వేస్తోంది, ఆగాల్సినంత ఆగకుండా.

పుట్టి అడుగు ఇసుకను తాకింది. కురుమయ్య ఇతన్ని దించి, గంప దించి, "పైలంగ వోండ్రి" అని పుట్టిని ఈడ్చుకుంటూ గుడిసె వైపు పోయాడు. మణెమ్మ గంప నెత్తికెత్తుకోలేదు. తడి ఇసుకలో, నీళ్ల అంచున కూర్చుంది. ముసలాయన వినపడనంత దూరం పోయేదాకా చూసింది.

"ఇగ చెప్పు సాయన్న బావా" అంది.

అతను ఎదురుగా కూలబడ్డాడు. రుమాలు దానంతటదే జారింది. ఆమె ముఖం చూసింది, చూపు తిప్పుకోలేదు.

"ఎప్పుడు గుర్తువట్టినవు?"

"ఒడ్డు మీదనే. మోకు మోసిన భుజం ఒక దిక్కు వొంగుతది. మా ఇంట్ల గూడ ఉన్నది గద గసొంటిది." జారిన రుమాలు వైపు చూసింది. "నువ్వు ఒక్కనివే ఉన్నవు. మొకం దాసుకుంటున్నవు. నాకు తెలువదా? నువ్వు నోరు తెరిచేదాంక ఆయన ఉన్నట్టే గద. ఏరు దాటేదాంక ఉండనియ్యి అనుకున్న. గందుకే మాట్లాడిన."

అప్పుడు చెప్పాడు. వెతికిన మాటలేవీ రాలేదు, వేరే మాటలు వచ్చాయి, ముందుది వెనక, వెనకది ముందు. బాయిలర్ చెప్పాడు, దుంగ చెప్పాడు, రాళ్లు పేర్చడం చెప్పాడు, మళ్లీ వెనక్కి వచ్చి నెత్తురు కక్కినవాడి బదులు యోహానే దిగాడని చెప్పాడు. దాచుకోవచ్చు ఆ వినబడ్డ మాట ఒక్కటి, ఆమెకు ఎట్లా తెలుస్తుంది, దుంగ విరిగింది పోయాడు అంటే సరిపోతుంది. కానీ అలుపు ఎంతగా ఉందంటే దాచడానికి కూడా ఒంట్లో బలం లేదు. "మాట ఇనవడ్డది మణెమ్మా. ఇడు అన్నట్టు ఇనవడ్డది. నీ మొగడు అన్నడో, నాగప్ప హిడి అన్నడో నాకు తెల్వదు. నాగప్ప మాటల హిడి అంటె వట్టుకొమ్మని. మేం ఇడిచినం. అందరికంటె ముందల ఉన్నది నేనే."

ఆమె ఏడవలేదు. చేతిని ఇసుకలోకి గుచ్చి అట్లాగే ఉంచింది. నీళ్లు వచ్చి మణికట్టు దాకా తాకి వెనక్కి పోయాయి. అతను ఎదురుచూశాడు, తిడుతుందని, రాయి తీసి కొడుతుందని, కొడితే బాగుండునని.

"మీరు ఇడువకపోతె ఆగునా అది?"

"తెల్వదు."

"మీరు గూడ దాని ఎంబడి వోతుంటిరా?"

"పోతుంటిమేమో. జారుతుంటిమి. తెల్వదు మణెమ్మా."

"ఆయననే అన్నడు" అంది.

"నాకు తెల్వదంటున్న."

"నాకు తెలుసు అంటున్న." గొంతు పెంచలేదు. "మిగిలినోల్లు వొచ్చినంక గూడ గిదే మాట. ఎవలడిగినా, ఆయననే ఇడువుమన్నడని చెప్పు. ఆల్లందరు మన వాడోల్లే గద బావా. పొద్దున లేస్తే ఆల్ల మొకాలే సూడాలె. ఆల్ల పెండ్లాలతోనే కలుపు తియ్య వోవాలె. ఒక్కొక్కని చేతులు సూసుకుంట, గీ చేతులేనా అనుకుంట నేనెట్ల బతకాలె? పిల్లలెట్ల బతకాలె?"

ఆమెకు తెలియదు. ఆమెకు తెలియదని ఆమెకు తెలుసు. తెలియని దాన్ని ఒక దిక్కుకు తోసి, దాని మీద తన కొంపను నిలబెట్టుకుంటోంది, ఇప్పుడే, ఈ ఇసుక మీద, కళ్లలో ఒక్క చుక్క రాకముందే. దీనికంత బలం ఎక్కడిది. తను దేశమంతా మోసుకొచ్చిన బరువును ఆమె ఒక్క మాటతో అటు కొసన ఎత్తుకుంది, ఎత్తుకున్నంత మాత్రాన తన వైపు తేలికైందా అంటే అదీ లేదు, కానీ రెండు వైపులా మనుషులున్నారు ఇప్పుడు. సాయన్న సరే అన్నట్టు తలూపాడు. ఆమె వంగి ముఖం మీద నీళ్లు చల్లుకుంది, ఒకసారి, రెండోసారి, మూడోసారి చల్లుకొని చేతులు ముఖం మీదే పెట్టుకొని కొంచెంసేపు ఉండిపోయింది. భుజాలు కదిలాయి. చప్పుడు రాలేదు. ఆ తర్వాత కొంగుతో తుడుచుకొని లేచి, గంప నెత్తికెత్తుకొని నడిచింది. ఇసుకలో అతని మడమలు దిగబడుతున్నాయి. ఆమె వెనక్కి చూడకుండానే నడక తగ్గించింది.

డొంక తెగినచోట యోహాను తల్లి జమ్ములమ్మ, చూపు సగం పోయినది, గడప ముందు చాటలో జొన్నలు పోసుకొని వేళ్లతో తడిమి రాళ్లు ఏరుతోంది. జమ్ములమ్మ అంటే ఆ దిక్కు అమ్మవారి పేరు, దేవుణ్ని మార్చుకుంది గానీ ఆ పేరు మార్చుకోలేదు ఆమె. రెండు జతల అడుగుల చప్పుడు విని, వాటిలో ఒకటి మగవాడిదని తెలిసి, తలెత్తి నవ్వబోయింది. "ఎవలొచ్చిండ్రే మణీ, నీ ఎంబడి?"

మణెమ్మ సాయన్న వైపు తిరిగింది. "నేను చెప్త. నువ్వు పక్కన నిలవడు" అంది సాయన్నతో, పెదవులతో మాత్రమే. గంప దించింది. చాటను ముసలామె ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది, ఒక్క గింజ కూడా ఒలకకుండా. ఆమె ముందు నేల మీద కూర్చొని, ఆ రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకుంది.

"అత్తా" అంది.